ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ మా కులం అడిగింది. నిజంగా అవసరమా?

ప్రొద్దుటూరు_అబ్బాయి:

నిన్నటి నుంచి ఇంట్లో ఇదే గొడవ, తెలిసినవాళ్లు చెప్పండి. మా చెల్లికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, వచ్చే బుధవారం ల్యాప్రోస్కోపీ. నిన్న మత్తు డాక్టర్ దగ్గరికి పంపారు. ఆమె బీపీ చూసింది, ఈసీజీ చూసింది, నోరు పూర్తిగా తెరవమంది, పళ్లేమైనా కదులుతున్నాయా అంది, ఇంతకుముందు ఆపరేషన్లు అయ్యాయా అంది. ఏమీ కాలేదు, ఇద్దరు పిల్లలూ మామూలు కాన్పులే. ఫైలు మూయబోయిందల్లా ఆగి "మీరు వైశ్యులా అమ్మా?" అని అడిగింది.

నాన్నకి ఒళ్లు మండిపోయింది. "రాళ్లు తీయడానికి కులమెందుకమ్మా" అని గట్టిగానే అన్నాడు. ఆమె కూడా తడబడింది, బయట పాతికమంది వెయిటింగ్, "మీవాళ్లలో కొందరికి ఒక మందు పడదండి, రక్తపరీక్ష చేయించండి" అని చీటీ రాసిచ్చి పంపేసింది. చీటీ మీద సూడోకోలినెస్టరేస్ అని ఉంది. కింద ల్యాబ్ కౌంటర్లో కుర్రాడు అది చూసి, గొంతు తగ్గించి, "ఎవరైనా పురుగుల మందు తాగారా అన్నా?" అన్నాడు. మా అమ్మ అక్కడే కుర్చీలో కూలబడింది.

నేను అడిగేది ఏంటంటే, ఇది నిజంగా సైన్సేనా, లేక డాక్టర్ల మధ్య తిరిగే పాత మాటా? హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్టులో మనిషి డీఎన్ఏలోని 300 కోట్ల అక్షరాలు చదివారని, మనుషులంతా దాదాపు ఒకటేనని చదువుకున్నాం కదా, మరి ఒక కులానికి ఒక జబ్బు ఎలా ఉంటుంది? నాన్నేమో టెస్టు వద్దు, వేరే ఆసుపత్రికి పోదాం అంటున్నాడు.

మత్తుడాక్టర్_గుంటూరు:

తమ్ముడూ, ముందు టెన్షన్ పడకండి. ఆవిడ అడిగిన తీరు బాగాలేదేమో గానీ అడగాల్సిన ప్రశ్నే అడిగింది. రెండు ముక్కలు వివరంగా చెప్పి ఉంటే మీ నాన్నగారికి కోపం వచ్చేది కాదు, ఆ తప్పు మా వృత్తిలో చాలామందిమి చేస్తున్నాం.

స్కోలిన్ అని మేం వాడే ఇంజెక్షన్ ఒకటుంది, అసలు పేరు సక్సినైల్‌కోలిన్. పేషెంటు నిద్రలోకి వెళ్లాక గాలిగొట్టంలోకి ట్యూబ్ వేయాలంటే దవడ, గొంతు కండరాలు పూర్తిగా వదులు కావాలి. ఈ మందు పెట్టిన నిమిషానికల్లా ఒళ్లంతా వదులైపోతుంది, ఊపిరి తీసుకునే కండరాలతో సహా, కాబట్టి అంతసేపూ ఊపిరి మేమే అందించాలి. ఐదు పది నిమిషాల్లో మందు పని అయిపోయి పేషెంటు ఊపిరి పేషెంటుకి తిరిగొస్తుంది. ఎలా అయిపోతుందంటే, లివర్‌లో తయారై రక్తంలో తిరిగే బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైమ్ ఆ మందుని ముక్కలు చేసేస్తుంది. దాని పాత పేరే సూడోకోలినెస్టరేస్. పురుగుల మందు ఒంట్లోకి పోయినా ఈ ఎంజైమ్ పడిపోతుంది, మన జిల్లాల్లో ల్యాబ్ వాళ్లకి ఈ టెస్టు ఆ కేసుల వల్లే బాగా తెలుసు. ఆ కుర్రాడు అందుకే అలా అడిగాడు, మీ అమ్మగారికి ఈ మాట చెప్పండి.

పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లేనివాళ్లకి స్కోలిన్ పెడితే ఐదు నిమిషాల మందు గంటల తరబడి దిగదు. దాన్ని స్కోలిన్ ఆప్నియా అంటాం. పదకొండేళ్ల కిందట నాకు ఎదురైంది. అర్ధరాత్రి రెండింటికి అర్జెంటు సిజేరియన్, వెన్నులో మత్తు ఇచ్చే టైమ్ లేదు, స్కోలిన్ పెట్టి ట్యూబ్ వేశాను. బిడ్డ ఏడ్చింది, కుట్లు అయిపోయాయి, తల్లికి మాత్రం ఊపిరి రాదు. పది నిమిషాలు చూశాను, ఇరవై చూశాను. మణికట్టు దగ్గర నర్వ్ స్టిమ్యులేటర్ పెట్టి కరెంట్ ఇస్తే బొటనవేలు ఎగరాలి, చలనమే లేదు. అప్పుడు తట్టింది. బయటికి పరుగెత్తి ఆమె భర్తని అడిగిన మొదటి మాట "మీరు వైశ్యులా?" అనే. బిడ్డ గురించి చెబుతానని లేచి నిలబడిన మనిషి బిత్తరపోయి చూశాడు, ఆ ముఖం నాకింకా గుర్తుంది. లోపలికొచ్చి ఆమెకి నిద్రమందు ఆపకుండా ఇస్తూ వెంటిలేటర్ మీద ఉంచాం. అది చాలా ముఖ్యం, ఎందుకంటే నిద్రమందు ఆపేస్తే తెలివి వచ్చేస్తుంది గానీ కనురెప్ప కూడా ఎత్తలేరు, మాకు చెప్పుకోలేరు. ఆరున్నరకి బొటనవేలు కదిలింది. మధ్యాహ్నానికి బిడ్డకి పాలిచ్చింది.

అంటే కనిపెడితే ప్రాణాపాయం లేదు. తెలియని చోట, వెంటిలేటర్ లేని చిన్న నర్సింగ్ హోమ్‌లో జరిగితేనే భయం. మీ చెల్లిది ముందే తేదీ పెట్టుకున్న ఆపరేషన్, స్కోలిన్ అవసరమే ఉండదు. దాని బదులు అట్రాక్యూరియం ఉంది, రోక్యురోనియం ఉంది, వాటికి ఈ ఎంజైమ్‌తో పనిలేదు. టెస్టు మాత్రం చేయించండి, ఇప్పటికే కాదు, రేపెప్పుడైనా ఎమర్జెన్సీ వస్తే పనికొస్తుంది.

తార్నాక_ల్యాబ్:

జెనెటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, నాకు చాలా ఇష్టమైన టాపిక్ ఇది, కాస్త పెద్దగా రాస్తాను.

మొదటి మాట, ఇది హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్టు కనిపెట్టింది కాదు. 1950ల్లోనే కెనడాలో వెర్నర్ కాలో అనే శాస్త్రవేత్త, కొందరిలో స్కోలిన్ ఎందుకు దిగడం లేదో చూస్తూ, ఆ తేడా వాళ్ల ఎంజైమ్‌లోనే ఉందని, అది తల్లిదండ్రుల నుంచి వస్తుందని తేల్చాడు. మనిషి జన్యువుని బట్టి మందు పనితీరు మారుతుందనే ఫార్మకోజెనెటిక్స్‌కి పునాది వేసిన పనుల్లో అదొకటి. మన దగ్గర వైశ్యుల సంగతి కూడా ఆపరేషన్ థియేటర్లలో డాక్టర్లకి అనుభవం మీద తెలిసిందే. 2006లో వచ్చిన పరిశోధనలో వైశ్యుల్లో ఈ లోపానికి మూలం కనబడింది. మూడో క్రోమోజోమ్ మీద ఉండే బీసీహెచ్ఈ జన్యువులో ఒక అక్షరం మారి, ఎంజైమ్‌లో 307వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలిన్ అనేది వచ్చింది. అంతే, ఒక్క అక్షరం. ప్రోలిన్ అమైనో ఆమ్లాల గొలుసుని వంచేసే రకం, అక్కడ అది చేరితే ఎంజైమ్ సరిగ్గా ముడుచుకోదు.

మరి జీనోమ్ పరిశోధన వల్ల ఏం తెలిసింది? "ఎందుకు మీవాళ్లలోనే" అన్న మీ ప్రశ్నకి జవాబు దొరికింది. 1990లో మొదలై 2003లో ముగిసిన ఆ ప్రాజెక్టులో మన దేశం లేదు, అమెరికా, బ్రిటన్, జపాన్, ఫ్రాన్స్, జర్మనీ, చైనా ఉన్నాయి. కానీ 1996లో బెర్ముడాలో కూర్చుని వాళ్లు ఒక మంచి నియమం పెట్టుకున్నారు, చదివిన అక్షరాలని 24 గంటల్లోపు అందరికీ ఉచితంగా పెట్టేయాలని. ఆ పటం చేతిలో ఉండబట్టే మనుషుల మధ్య తేడా వచ్చే లక్షల చోట్లని ఒకేసారి చూడగలిగే చిప్‌లు వచ్చాయి. 2009లో హైదరాబాద్ హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ బృందం కలిసి, 25 భారతీయ సమూహాలకి చెందిన 132 మంది డీఎన్ఏలో 5 లక్షల 60 వేల చోట్ల చూశారు. అందులో వైశ్యుల లెక్క చూస్తే, 100 తరాలకి పైనే, అంటే దాదాపు 2000 నుంచి 3000 ఏళ్ల కిందట, కొద్దిమంది మూలపురుషుల నుంచి ఈ సమూహం పెరిగిందని, అప్పటి నుంచి బయటివాళ్లు కలిసింది తరానికి 30లో ఒక వంతు కన్నా తక్కువేనని తేలింది. అలాంటప్పుడు ఆ కొద్దిమందిలో ఒకరికి ఉన్న అక్షరదోషం కూడా సమూహంతో పాటే పెరుగుతుంది. మిగతా చోట్ల లక్షల్లో ఒకరికి కనబడేది ఇక్కడ తరచుగా కనబడుతుంది. దీన్ని ఫౌండర్ ఎఫెక్ట్ అంటారు.

ఇది మేనరికాల వల్ల వచ్చింది కాదు, చాలామంది రెండూ కలిపేస్తారు. మేనరికంలో దగ్గరి రక్తం కలుస్తుంది. ఇక్కడ, గోత్రాలు చూసుకుని ఏ చుట్టరికం లేని సంబంధం చేసుకున్నా, 100 తరాల వెనక్కి వెళ్తే ఇద్దరూ ఆ కొద్దిమంది దగ్గరికే చేరుతారు.

పైగా ఇది మీ ఒక్కరిదీ కాదు. 2017లో అదే బృందాలు 260కి పైగా దక్షిణాసియా సమూహాలని చూస్తే 81 సమూహాల్లో ఫిన్లాండ్ వాళ్లకన్నా, తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులకన్నా గట్టి ఫౌండర్ ఎఫెక్ట్ కనబడింది. వాటిలో 14 సమూహాల జనాభా ఒక్కోటి 10 లక్షల పైనే. అంటే మన దేశంలో చాలా కులాలకి తమ సొంత అక్షరదోషాలు కొన్ని ఉండి ఉంటాయి, మీది ఆపరేషన్ టేబుల్ మీద బయటపడింది, మిగతావాటిలో చాలావరకు ఇంకా ఎవరూ వెతకలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే, వెతకడం ఇప్పుడు ఎంతో చవక. 2001 ప్రాంతంలో ఒక మనిషి జీనోమ్ చదవాలంటే సుమారు 10 కోట్ల డాలర్లు, ఇప్పుడు వెయ్యి డాలర్ల లోపే.

కులంతో సంబంధం లేనివీ ఉన్నాయి. ఎమ్‌వైబీపీసీ3 అనే గుండె కండరం జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన రకం, గుండె కండరం జబ్బు ముప్పు పెంచేది, మన దేశంలో సుమారు 4 శాతం మందిలో ఉందని 2009లోనే సీసీఎంబీ వాళ్లు చెప్పారు.

ఇక మీ చెల్లి సంగతి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ పాడైతేనే ఎంజైమ్ ఉండదు. ఆమెకి లేదని తేలితే మీకూ లేకపోయే అవకాశం నాలుగింట ఒక వంతు, మీరూ చేయించుకోండి. ఎంజైమ్ అసలు లేని వైశ్యులని పరీక్షించి చూసిన రిపోర్టు 2007లో వచ్చింది, వాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉన్నారు. ఇది జబ్బు కాదు, ఒక మందు పడకపోవడం.

వాసవి_కోడలు:

మీ నాన్నగారిని టెస్టుకి ఒప్పించండి అన్నయ్యా, కాళ్లు పట్టుకునైనా. మా ఇంట్లో జరిగింది చెబుతాను. 2012లో మా ఆడపడుచుకి ఒక పట్నంలో ఆపరేషన్ అయ్యాక ఐదు గంటలు స్పృహ రాలేదు. ఐసీయూ బయట మా అత్తగారు మొక్కని దేవుడు లేడు. సాయంత్రానికి లేచి కూర్చుంది. డిశ్చార్జి కాగితంలో వాళ్లు రాసిందల్లా "మత్తు నుంచి కోలుకోవడం ఆలస్యమైంది" అని ఒక్క లైను. ఏ మందు, ఎందుకు, ఇంట్లో మిగతావాళ్లు ఏం చేయాలి, ఏమీ లేదు. అప్పటికి ఆ పిల్లకి సంబంధాలు చూస్తున్నాం, అందుకని మేమూ ఎవరికీ చెప్పలేదు, ఆ కాగితం బీరువాలో చీరల కింద పెట్టేశాం.

నాలుగేళ్లకి మా మరిదికి రాత్రికి రాత్రి అపెండిక్స్ పగిలింది, వేరే ఊళ్లో ఉన్నాడు, స్నేహితులు చేర్పించారు. వాడికీ అదే అయింది. వెంటిలేటర్ ఉన్న చోట చేర్పించారు కాబట్టి మనిషి దక్కాడు. ఆ కాగితం గురించి ఒక్క మాట వాడికి చెప్పి ఉంటే డాక్టర్లకి చెప్పేవాడు కదా అని మా మామగారు ఆ రాత్రంతా అన్న మాట నేను మర్చిపోలేను. ఇప్పుడు మా ఇంట్లో 14 మందికి టెస్టు అయింది, ముగ్గురికి లేదు, ముగ్గురి పర్సుల్లోనూ కార్డులున్నాయి. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు కూడా చెబుతున్నాం, ఇంతవరకు ఎవరూ వెనక్కి పోలేదు.

ఎడిసన్_తెలుగు:

టెస్టు చేయించుకోమనే నేనూ అంటాను. కానీ సైన్స్ వైపు మాత్రమే చెబితే సగమే చెప్పినట్టు. మా పిన్నికి 2011లో ఇక్కడే, అమెరికాలో, రొమ్ము క్యాన్సర్ వచ్చింది, పాడైతే ఆ క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యువులు రెండూ చూపించుకోమన్నారు. అప్పట్లో ఆ రెండు జన్యువుల మీద మిరియడ్ అనే ఒకే కంపెనీకి పేటెంట్, టెస్టు 3 వేల డాలర్ల పైనే, రెండో అభిప్రాయం కోసం వేరే ల్యాబ్‌కి పోదామంటే అసలు వేరే ల్యాబే లేదు. మనిషి ఒంట్లో పుట్టుకతో ఉన్న జన్యువు ఒక కంపెనీ సొత్తు ఎలా అవుతుందని పేషెంట్లు, డాక్టర్లు కోర్టుకెళ్తే, 2013 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాట మీద, ప్రకృతిలో ఉన్న డీఎన్ఏకి పేటెంట్ చెల్లదన్నారు. ఆ రోజే వేరే ల్యాబ్‌లు మేం కూడా చేస్తామని ప్రకటించాయి. మా కజిన్ తర్వాత చేయించుకున్న టెస్టు పిన్ని కట్టినదాంట్లో చిన్న భాగం. పైనాయన చెప్పిన బెర్ముడా నియమం విలువ ఇక్కడే అర్థమవుతుంది, అందరికీ తెరిచి పెట్టకపోయి ఉంటే ప్రతి జన్యువుకీ ఒక యజమాని ఉండేవాడు.

రెండోది, డేటా. ఉమ్ము పంపిస్తే వంశం చెబుతామన్న 23అండ్‌మీ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, కోటిన్నర మంది జన్యు సమాచారం ఎవరి చేతికి పోతుందోనని ఇక్కడ అందరం ఖాతాలు తుడిచేసుకున్నాం. నేనూ తుడిచేశాను. అమెరికాలో 2008 చట్టం ప్రకారం జన్యువులు చూసి హెల్త్ ఇన్సూరెన్స్, ఉద్యోగం కాదనకూడదు, కానీ లైఫ్ ఇన్సూరెన్స్‌కి ఆ చట్టం వర్తించదు. ఇండియాలో ఎలాగో నాకు చెప్పండి. ఒక కులం పేరుతో ఒక లోపం రికార్డుల్లోకి ఎక్కితే రేపు ప్రీమియం పెంచరని ఏంటి గ్యారంటీ?

తార్నాక_ల్యాబ్:

న్యాయమైన భయమే అన్నా. హెల్త్ పాలసీల వరకు 2018 మార్చిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది, జన్యు లోపం అనే సాకుతో క్లెయిమ్ తిరస్కరించవద్దని. అంతకు ముందు నెల ఢిల్లీ హైకోర్టు గుండె కండరం జబ్బున్న ఒకాయన కేసులో ఇచ్చిన తీర్పు దానికి కారణం. కానీ అమెరికాలో 2008లో వచ్చినలాంటి చట్టం మన పార్లమెంట్ చేయలేదు, చేయాలి, ఈ విషయంలో నేను మీతోనే ఉన్నాను. జీనోమ్ ఇండియా అనే ప్రభుత్వ ప్రాజెక్టులో 10 వేల మంది జీనోమ్‌లు చదివి 2025 జనవరిలో ఫరీదాబాద్ డేటా సెంటర్ నుంచి పరిశోధకులకి అందుబాటులోకి తెచ్చారు, చట్టం అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది.

ఒక్క మాట. చెల్లికి చేయించేది జన్యు పరీక్ష కూడా కాదు, రక్తంలో ఎంజైమ్ ఎంత ఉందో చూసే మామూలు టెస్టు. డీఎన్ఏ ఎక్కడికీ పోదు. నాకు తెలిసి కులం ప్రశ్న అడగకుండా ఉండాలంటే కూడా దారి అదే, అనుమానం ఉన్న ప్రతి పేషెంటుకీ ఎంజైమ్ చూడటం. కులాంతర వివాహాల్లో పుట్టిన పిల్లలకి రెండు కాపీలూ పాడై ఉండటం చాలా అరుదు, ఇంటిపేరు చూసి ఊహించడం కన్నా టెస్టే నయం.

ప్రొద్దుటూరు_అబ్బాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్. వాసవి అక్కయ్య రాసింది నాన్నకి చదివి వినిపించాను, మరిది సంగతి దగ్గరికి వచ్చేసరికి ఫోన్ తీసుకుని తనే మళ్లీ చదువుకున్నాడు. పొద్దున తనే చెల్లిని ల్యాబ్‌కి తీసుకెళ్లాడు. సాయంత్రం రిపోర్టు వచ్చింది. నార్మల్ అంటే 5,000 పైన ఉండాలని రాసి ఉంది, చెల్లిది మూడంకెలు దాటలేదు. మత్తు డాక్టర్‌కి చూపిస్తే "స్కోలిన్ ముట్టుకోం, బుధవారమే చేద్దాం" అని ఫైలు పైన ఎర్ర పెన్నుతో రాసి గీత కొట్టింది. నాన్న ఆవిడకి సారీ చెప్పాడు, ఆవిడే ముందు చెప్పింది నిజానికి.

రేపు నేను, అమ్మ, నాన్న, తమ్ముడు అందరం ఇస్తున్నాం రక్తం. నాన్న ఇప్పుడు బళ్లారిలో బాబాయికి, నంద్యాలలో అత్తయ్యకి ఫోన్లు చేస్తున్నాడు. ఆ కార్డు మీద ఏం రాయించాలో ఎవరైనా చెబుతారా?

మత్తుడాక్టర్_గుంటూరు:

ఇలా రాయించి లామినేషన్ చేయించండి. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లీషు, రాత్రి డ్యూటీలో ఏ రాష్ట్రం డాక్టర్ ఉంటారో తెలియదు కదా. మైవాక్యూరియం కూడా ఇదే ఎంజైమ్‌తో దిగే మందు, అందుకే దాన్నీ చేర్చాను.

"నాకు రక్తంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ ఎంజైమ్ దాదాపు లేదు. సక్సినైల్‌కోలిన్ (స్కోలిన్), మైవాక్యూరియం నాకు ఇవ్వకండి. పొరపాటున ఇస్తే, ఊపిరి తిరిగి వచ్చేదాకా నన్ను నిద్రలోనే ఉంచి వెంటిలేటర్ మీద పెట్టండి."

కింద పేరు, బ్లడ్ గ్రూప్, టెస్టు తేదీ, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్. చెల్లి పర్సులో ఒకటి, ఫోన్ కవర్ వెనకాల ఒకటి పెట్టమనండి.